పెబ్బేరు సంతలో తువ్వాల బేరం

2005 ఏప్రిల్‌లో అమ్రాబాద్ నుంచి గద్వాల సర్కారు దవాఖానకు అంబులెన్సు డ్రైవరుగా బదిలీ అయ్యాను. ఎనిమిదో తరగతిలో బడికి సెలవు పెట్టిన మనిషిని; ఆ సెలవు ఇంకా నడుస్తూనే ఉంది. కాబట్టి ఇక్కడ డాక్టరు చెప్పింది డాక్టరుదని, నాకు తోచింది నాదని విడివిడిగా రాస్తాను. రెండూ కలిపితే రోగికి ప్రమాదం.

మా పనిలో రెఫరల్ అంటే, చిన్న దవాఖాన తన వల్ల కాని రోగిని చీటీ రాసి పెద్ద దవాఖానకు పంపడం. డ్యూటీ డాక్టరు సంతకం చేస్తాడు, నర్సు సూది వేస్తుంది, మేము లాగ్‌బుక్కులో మీటరు రీడింగు రాసుకుని కదులుతాం. కాన్పు కేసుకు ఆడమనిషి తోడు, మతి చలించిన కేసుకు బలమైన మగమనిషి తోడు ఉండాలి. రోగి ఎగబడుతుంటే స్ట్రెచరుకు గుడ్డపట్టీలతో కట్టవచ్చు. బండిలో ఆక్సిజన్ సిలిండరు ఉంటుంది గనుక బీడీ, అగ్గిపెట్టె లోపల వెలగకూడదు. బయట వెలిగితే ఏం చేయాలో ఏ నియమంలోనూ లేదు.

ఆ ఏడాది వానలు మొదలైన కొత్తలో, ఒక శనివారం పొద్దున వెంకటేశును తీసుకొచ్చారు. పాతికేళ్లు నిండని నేతగాడు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండింటినీ పోగు పోగుకూ మెలివేసి కలపాలి. మగ్గం మీద అతను కూర్చుంటే, పక్కనే అంచు పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె వేస్తూ భార్య పద్మ. కొన్నాళ్లుగా అతను అంచు పూల లెక్క తప్పుతున్నాడు. తర్వాత మగ్గం చప్పుడు తన గుట్టు వీధికి చెబుతోందని మగ్గం ఆపేశాడు. తర్వాత నిద్రా ఆగిపోయింది. దవాఖాన వరండాలో కూర్చుంటే లేస్తున్నాడు, లేస్తే నడుస్తున్నాడు, నడిస్తే వెనక్కి చూస్తున్నాడు. అతన్ని చూస్తుంటే నాకే కాలు నిలవలేదు.

ఏమైనా అలవాట్లున్నాయా అని డాక్టరు అడిగాడు. వెంట వచ్చిన మేనమామ తిమ్మప్ప ఠక్కున అందుకున్నాడు.

“చాయ్ తప్ప ఏం తాగడు సార్. బంగారమసొంటి పిలగాడు.”

పద్మ నోరు తెరిచింది. తిమ్మప్ప ఆమె వైపు చూశాడు. నోరు మూసుకుంది.

మానసిక వైద్యుడు కావాలంటే మాకు అప్పట్లో పాలమూరు పెద్ద దవాఖానే దిక్కు. వార్డువాళ్లు పట్టీలు తీసుకొచ్చేసరికి పద్మ అడ్డం నిలబడింది. “కట్టొద్దన్నా. ఆ చేతులు కమిలితే మళ్ల నాడె పట్టడు. గా చేతులే మా కూడు.” సూది వేశారు కదా, తోడు మనిషీ ఉన్నాడు కదా అని డాక్టరు ఒప్పుకున్నాడు. కట్టకుండానే ఎక్కించాం.

రోగిని మాటల్లో పెట్టి నవ్వించడం నా పద్ధతి. నొప్పులతో అరుస్తున్న గర్భిణులు కూడా నన్ను తిట్టడం కోసం అరుపు ఆపేవాళ్లు. “ఏం వెంకటేశూ, పాలమూరు దాటి అట్లనే హైదరాబాదు పోయి సినిమా చూద్దామా?” అన్నాను. అతను ముందుకు వంగి, “నీకెవరు చెప్పిండ్రు?” అన్నాడు. ఎవరూ చెప్పలేదు, పెళ్లాం పోరు పడలేక నేనే పారిపోతున్నానన్నాను. “ఎవరి నుంచి పారిపోవాలె?” అన్నాడు. ఏ జోకు వేసినా అందులోంచి ఒక ఆజ్ఞ తీసుకుంటున్నాడు. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర నోరు మూసుకున్నాను. అలా జరిగిందంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

బీచుపల్లి వంతెన దాటాం. పెబ్బేరులో శనివారం పశువుల సంత. ఎద్దులు, గొర్రెలు, లారీలు రోడ్డంతా నిండిపోయాయి. సైరన్ వేశాను. ఎద్దుకు సైరన్ వినబడుతుంది గానీ అర్థం కాదు. బండి ఆగింది. పద్మ సీసాలో నీళ్లు పట్టుకురావడానికి దిగింది. మేనల్లుడు ఒంటికి పోవాలంటున్నాడని తిమ్మప్ప అతన్ని లారీ చాటుకు తీసుకుపోయాడు. తిరిగొచ్చాక వెంకటేశు నిమ్మళంగా కూర్చున్నాడు; పద్మా సీసాతో ఎక్కింది. “సూసినవా, సల్లబడ్డడు” అన్నాడు తిమ్మప్ప, తానే వైద్యం చేసినంత ధీమాగా.

ఆ చల్లదనం బండి నాలుగు బారలు కదిలేదాకానే. రోడ్డు పక్కన ఇద్దరు ఎద్దు బేరం ఆడుతున్నారు. మా సంతల్లో ధర నోటితో చెప్పరు. చేతుల మీద తువ్వాల కప్పుకుని, లోపల ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర తేల్చుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లకు తెలియకూడదని. వెంకటేశు ఆ తువ్వాలను చూశాడు.

“నా చేతి ఏళ్లకు బేరమాడుతున్నరు!” అని అరుస్తూ వెనక తలుపు తోసుకుని దూకాడు. పిడికిళ్లు రెండూ చంకల్లో దాచుకుని, ఇంజను ఆపని లారీ చక్రానికి ఆనుకుని నిలబడ్డాడు. నేను బండి ఆపి దిగేసరికి జనం మూగారు. సంతలో తాళ్లకు కరువా? తలా ఒక పలుపు పట్టుకొచ్చారు. పద్మ నీళ్ల సీసా పారేసి, బండి దిగి ముందుకు ఉరికింది.

“ఆయన ఎద్దు గాదు. తాడు పట్టిన చెయ్యి ముందుకొస్తే కొరుకుత!”

ఎవరూ ముందుకు రాలేదు. నేను వెంకటేశు కళ్లను చూశాను. అవి తాళ్ల మీద లేవు, ఇంకా ఆ తువ్వాల మీదే ఉన్నాయి. బేరమాడుతున్న ఇద్దరిలో ఒకడు దళారి; అతని దగ్గరికి పోయి తువ్వాల తీయమన్నాను.

“తీస్తే నా బేరం బజార్ల పడతది. దళాలి పైసలు నీ అయ్య ఇస్తడా?”

“మా అయ్య ఉంటే ఎద్దుతో పాటు నిన్ను గూడ అమ్మేటోడు. జర తియ్యి భాయ్, పానం మీదికొచ్చింది.”

గొణుక్కుంటూ తీశాడు. చేతులు పైకెత్తమన్నాను, నేనూ ఎత్తాను. జనాన్నీ తాళ్లు కిందపడేసి ఎత్తమన్నాను. పట్టపగలు దొంగల ముఠా దొరికిపోయినట్టు అందరం చేతులెత్తి నిలబడ్డాం. వెంకటేశు ఒక్కొక్క చేతినీ చూసుకుంటూ పోయి పద్మ చేతుల దగ్గర ఆగాడు. చాలాసేపటికి కదిలి, పిడికిళ్లు చంకల్లోంచి తీయకుండానే బండెక్కాడు. ఈలోగా ధర బయటపడి మూడోవాడెవడో ఎద్దును తోలుకుపోయాడు. దళారి నన్ను తిట్టిన తిట్లు అచ్చులో వేసేవి కావు.

బండి కదిలాక పద్మ మొగుడి చొక్కా వాసన చూసింది. “మామా, ఏం తాపినవ్?” లారీ చాటున తాపానని తిమ్మప్ప ఒప్పుకున్నాడు. బీడీలో గంజాయి.

“మానుమని నువ్వు లొల్లి వెట్టినకాన్నుంచే గిట్లయితున్నడు పిల్లా. ముల్లును ముల్లుతోనే తియ్యాలె గదా.”

అతను చెడ్డవాడు కాడు. తాగిన వెంటనే అల్లుడు కాసేపు నిమ్మళించడం చూశాడు. ఆ తర్వాతది రోగం ఖాతాలో వేశాడు. గంజాయి సంగతి దవాఖానలో చెబితే పోలీసులు వస్తారని భయం కూడా. పద్మ మాత్రం తేల్చి చెప్పింది: “పోలీసులొస్తే రానీ. ఈసారి నేనే సెప్త.”

పాలమూరులో మానసిక వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న మళ్లీ అలవాట్ల గురించే. పద్మ మొత్తం చెప్పింది: పదహారో ఏట మొదలైందని, ఈ మధ్య రోజూ తాగుతున్నాడని, ఎవరూ లేకున్నా మాటలు వినబడుతున్నాయంటాడని. తాను పోలీసు కాననీ, అది తెలియకుండా మందివ్వడం కళ్లు మూసుకుని ఇవ్వడమేననీ డాక్టరు అన్నాడు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగితే, తన అన్న ఒకడు గాలితో మాట్లాడుకుంటూ ఊళ్లు పట్టి పోయాడని తిమ్మప్ప నేల చూస్తూ చెప్పాడు.

గంజాయి తాగిన ప్రతివాడికీ మతి చలించదని డాక్టరు వివరించాడు. చిన్న వయసులో మొదలుపెట్టి రోజూ తాగేవాళ్లకు, ఇంట్లో అలాంటి జబ్బు ఉన్నవాళ్లకు ప్రమాదం ఎక్కువ. పూల లెక్క తప్పడం జ్ఞాపకానికి, ధ్యాసకు తగిలిన దెబ్బ కావచ్చు. అనుమానం, లేని మాటలు వినబడటం దానికన్నా పెద్ద దెబ్బ. గంజాయి ఆపితే ఇది తగ్గిపోతుందా, లేక లోపల ఉన్న జబ్బు బయటపడిందా అన్నది ఆపి చూస్తే గానీ తెలియదు. మెదడు ఏది ముఖ్యమో ఏది కాదో ఏరుకోలేకపోతోందని కూడా అన్నాడు. నేను నా భాషలో అర్థం చేసుకున్నాను: రోడ్డు మీద మోగే ప్రతి హారనూ నన్నే అనిపిస్తే బండి ఎట్లా నడుపుతాను?

కొన్ని వారాలు వార్డులో ఉంచుకుని పంపారు. దసరా ముందు వాళ్లింటి వైపు పోయినప్పుడు మగ్గం ఆడుతోంది. మాటలు వినబడటం ఆగిందట, మందులు మాత్రం ఆగలేదు. పూల లెక్క ఇంకా అక్కడక్కడ తప్పుతున్నాడు; పద్మ పక్కన కూర్చుని పైకి లెక్కపెడుతోంది. తిమ్మప్ప గడప దగ్గర నిలబడి చొక్కా జేబు బయటికి తిప్పి చూపించి లోపలికొచ్చాడు. అది ఆ ఇంటి కొత్త ఆచారం.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా మతి చలించిన కేసు ఎక్కిస్తే, ఆక్సిజన్ కన్నా ముందు జేబులు చూశాను. రోగివి కాదు, తోడొచ్చినవాళ్లవి. అలాంటి రోగి దగ్గర జోకులు కట్టిపెట్టాను. అలవాట్లు అడిగినప్పుడు ముందుగా జవాబు చెప్పినవాణ్ణి చాయ్ తాగుదాం రమ్మని బయటికి తీసుకుపోయేవాణ్ణి. నోరు తెరిచి మూసుకున్నవాళ్లు లోపల డాక్టరు దగ్గర మిగిలేవాళ్లు.