పసుపు అద్దని గడి

మా పక్కింటి పెద్దబాపు మొన్న మంగళవారం సాయంత్రం చనిపోయారు. ఆర్మూర్‌లోని రైతుల పంట అమ్మిపెట్టే ఒక పసుపు అడ్తి కొట్టులో బతుకంతా కాంటా వేసి బస్తాలు తూచిన దడ్వాయి ఆయన. నాకు చుట్టం కాదు. కంప్యూటర్ ఆన్ చేయడం కూడా రాని ఆయనే నా ఉద్యోగానికి గురువు.

నేను ఇంట్లో కూర్చుని డేటా పని చేస్తాను. ఆ కొట్టుకు ఒక చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. కాంటా ఉండే రోజుకు ముందు రోజు "రేపు పసుపు తీసుకురండి" అని రైతుల ఫోన్లకు మెసేజ్ పోతుంది. ఆ రోజులు వెతికే తిప్పలు నాకు లేవు. పాండాస్ అనే లైబ్రరీకి మొదటి తేదీ, చివరి తేదీ చెబితే చాలు, శని ఆదివారాలు తీసేసి పనిరోజులన్నీ వరసగా ఇస్తుంది. వేరే సెలవులుంటే ఆ జాబితా మనమే ఇవ్వాలి. నేను ఇవ్వలేదు. ఒక్క లైనుతో పనైపోయిందని మురిసిపోయాను.

మొదటి నెలలోనే సోమవారం నాడు అమావాస్య పడింది. అమావాస్యకు ఆ కొట్టులో కాంటా పెట్టరు. సిరికొండ రైతు ఒకాయన నా మెసేజ్ చూసి, ట్రాలీ ఆటో నిండా పసుపుతో వచ్చి మూసిన షట్టర్ ముందు నిలబడ్డాడు. పైన మబ్బు పట్టింది. తడిస్తే ఏడాది కష్టం బూజు పట్టిపోతుంది. పెద్దబాపు ఆ బస్తాలను తన అరుగు మీదికి దింపించి, ఆయనకు అన్నం పెట్టించి, తర్వాత నా దగ్గరికి వచ్చారు.

"ఏం బిడ్డా, గా మిషన్‌కు అమాస తెల్వదా?"

"నేనే చెప్పలే పెద్దబాపు."

"సెలవంటే మనం పండుకునుడు కాదు బిడ్డా. రావొద్దని ముందుగాల చెప్పుడు."

ఏ కోర్సులోనూ నాకు ఎవరూ ఆ మాట చెప్పలేదు.

అప్పటి నుంచి కొత్త క్యాలెండర్ రాగానే నన్ను పిలిచేవారు. కాంటా బంద్ ఉండే ప్రతి గడి మీదా పసుపంటిన బొటనవేలు అద్దేవారు. అమావాస్య రెండు రోజులకు పడితే ఏది పట్టుకోవాలో నాకిప్పటికీ తెలియదు. ఆయన కాసేపు గోడ వైపు చూసి, ఒకదాని మీద అద్దేవారు. నేను ఆ తేదీలు జాబితాలోకి ఎక్కించేదాన్ని. "మిషన్‌ల వడ్డదా?" అని అడిగి, పడిందంటేనే చాయ్ తాగనిచ్చేవారు.

మంగళవారం ఆయన పోయేసరికే బుధవారానికి మెసేజ్‌లు వెళ్లిపోయాయి. కొట్టు సేటు బంద్ పెడదామన్నాడు. నేనూ పెద్దబాపు ఇంట్లోనే లాప్‌టాప్ తెరిచి సెలవుల జాబితాలో బుధవారం తేదీ కొట్టాను. ఏడుస్తున్న ఆయన భార్య, మా పెద్దమ్మ, తల ఎత్తింది.

"రేపు రమ్మని చెప్పిండ్రా?"

"చెప్పినం పెద్దమ్మా."

"మరి తెరువుండ్రి. ఆయన జర సేపు ఆగుతడు."

గోడ మీద క్యాలెండర్ చూశాను. బుధవారం గడి తెల్లగా ఉంది. కొట్టిన తేదీ తీసేశాను.

బుధవారం మధ్యాహ్నం దాకా కాంటా నడిచింది. చివరి బండి పోయాక హమాలీలు చేతులైనా కడుక్కోకుండా వచ్చారు. ఆయన మీది తెల్లగుడ్డ సర్ది, పాడె ఎత్తారు. ఆ గుడ్డ మీద భుజాల దగ్గర, కాళ్ల దగ్గర పసుపు వేలిముద్రలు పడ్డాయి.