మేత పెట్టినోడిదే సరుకు

వెళ్ళిపోవచ్చని కాగితం మీదే రాసి ఉన్నా మనిషి ఎందుకు ఆగిపోతాడు? చాలా ఏళ్ళుగా నన్ను వదలని ప్రశ్న ఇది. జవాబు చెప్పాల్సిన మనిషి పోయినవారం కోడూరులో పోయాడు. మా అమ్మ తమ్ముడు, నా మావయ్య. ఒకప్పుడు ర్యాలీ కార్లు నడిపినవాడు. ఫోను వచ్చినప్పుడు నేను బందరులో, కాలేజీలో, పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. చేతిలో ఉన్న పేపరు పూర్తిగా దిద్ది, మార్కులు వేసి, అప్పుడు లేచాను. అలా ఎందుకు చేశానో తెలియదు.

ర్యాలీ అంటే అమ్మమ్మ కూడా మొదట "ఏ పార్టీదిరా?" అని అడిగింది. మట్టిరోడ్ల మీద ఒక్కో కారూ విడివిడిగా, గడియారంతో పోటీపడి పరుగెత్తే పందెం అది. మావయ్యకి దాన్ని ఎవరూ నేర్పలేదు. కుర్రతనంలో రొయ్యపిల్లల్ని ఆక్సిజన్ కవర్లలో వేసుకుని కోడూరు చెరువులకి వ్యాను తోలేవాడు. ఆలస్యమైతే పిల్ల చస్తుంది, తొందరపడితే వ్యాను నీళ్ళలో పడుతుంది. వానకి నానిన గట్టు, రెండు పక్కలా చెరువులు. "బ్రేకుని నమ్ముకున్నోడు రొయ్యలతో కాపరం చేస్తాడమ్మాయ్" అనేవాడు. నాకూ ఆ గట్ల మీదే నేర్పాడు. ఏ విషయమూ ఒక పట్టాన తేల్చుకోలేని మనిషిని నేను. స్టీరింగ్ పట్టుకుంటే మాత్రం చెయ్యి తడబడదు. అది మావయ్య పెట్టిన భిక్షే.

గుడివాడలో రొయ్యల మేత వ్యాపారం చేసే ఒక షావుకారు గారు సరదాకి ర్యాలీ టీమ్ పెట్టి, మావయ్యని డ్రైవర్‌గా తీసుకున్నారు. ఆ పాత కారుతోనే మావయ్య పెద్ద పెద్ద టీముల్ని దాటేశాడు. అప్పుడు కోయంబత్తూరు నుంచి పిలుపు వచ్చింది. పేరున్న టీమ్, కొత్త కారు. షావుకారు గారి కాంట్రాక్టు ఇంగ్లీషులో ఉందని, నా దగ్గరికి పట్టుకొచ్చాడు. నేనప్పుడే ఎమ్మే ముగించాను. సీజన్‌కి ముందు నోటీసు ఇచ్చి ఇద్దరిలో ఎవరైనా తప్పుకోవచ్చని అందులో స్పష్టంగా ఉంది.

"నువ్వు వెళ్ళొచ్చు మావయ్యా. ఏ గొడవా లేదు."

"కాగితంలో ఉందిలే."

"మరింకేంటి?"

"మేత పెట్టినోడిదే సరుకు."

మా చెరువుల మీద ఆ మాటకి తిరుగులేదు. అరువు మేత ఎవరు పోస్తే, రొయ్య పట్టే రోజున సరుకు వాళ్ళకే తూచాలి. పక్కవాడు ఎంత ఎక్కువ ధర చెప్పినా సరే. తప్పితే మళ్ళీ పంటకి ఎవరూ మేత పోయరు.

"నువ్వేమైనా రొయ్యవా?" అన్నాను, ఒళ్ళు మండి.

"కాదులే. రొయ్యకి మీసాలుంటాయి" అని నున్నటి పైపెదవి తడుముకున్నాడు. గుమ్మంలో చెప్పులేసుకుంటూ మాత్రం, "ఆ టీములో ఇద్దరు మహా గట్టి డ్రైవర్లున్నారమ్మాయ్" అన్నాడు, నా వైపు చూడకుండా. ఆ సాయంత్రమే కోయంబత్తూరుకి ఫోన్ చేసి రానని చెప్పేశాడు.

సీజన్ దగ్గరపడింది. షెడ్డుకి కొత్త కారొచ్చింది, చూద్దువుగాని రమ్మని నన్నూ గుడివాడ తీసుకెళ్ళాడు. కారు అద్దం మీద డ్రైవర్ పేరు అప్పటికే అంటించి ఉంది. మావయ్య పేరు కాదు, షావుకారు గారి బావమరిది పేరు.

"ఏంటండీ ఇది?" అన్నాడు మావయ్య.

షావుకారు గారు టీ గ్లాసు దించకుండానే, "నోటీసు పోస్టులో వస్తుందిలేవయ్యా. క్లాజుంది కదా. మీ మేనకోడలు ఎమ్మే చదివింది, చదివిపెట్టలేదా?" అన్నారు.

షెడ్డంతా నవ్వింది. మావయ్య కూడా నవ్వాడు. అది చూడలేకపోయాను.

మళ్ళీ అడిగితే కోయంబత్తూరు వాళ్ళు సీటు నిండిపోయింది, ఏమనుకోవద్దన్నారు. షావుకారు గారు కబురు పెట్టారు, "టైర్లు మోసే సర్వీస్ వ్యానుంది, తోల్తాడేమో అడగండి" అని. తోలాడు. ఆ బావమరిది చక్రాలు పగలగొట్టుకొస్తే కింద కూర్చుని మార్చేవాడు. "సిగ్గు లేదురా నీకు?" అని అమ్మ ఏడ్చింది. "ఇంట్లో కూచుంటే మట్టిరోడ్డు కనపడదక్కా" అన్నాడు. నడుం పడిపోయేదాకా ఆ వ్యానులోనే ఉన్నాడు.

పోయినవారం మావయ్యని సమాధుల తోటకి తీసుకెళ్ళేటప్పుడు రోడ్డు మలుపులో పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. 'మా టీమ్ ముద్దుబిడ్డకు కన్నీటి వీడ్కోలు.' హెల్మెట్ పట్టుకుని మావయ్య, పక్కన అంతకి రెండింతల బొమ్మలో షావుకారు గారు. "ఎంత మర్యాద చేశారండీ" అంది పక్కింటావిడ, పాస్టరు గారితో.

కిందటి వానాకాలం, మంగినపూడి రోడ్డులో నేను కారు నడుపుతుంటే మావయ్య పక్కన కూర్చున్నాడు. ఇక ఉండబట్టలేక అడిగేశాను. "మావయ్యా, నిజం చెప్పు. కోయంబత్తూరు వెళ్తే ఆ ఇద్దరి ముందు తేలిపోతానని భయపడ్డావా?"

"ముందు చూడు, గేదెలు."

ఆపాను. రోడ్డు నిండా మంద. మావయ్య కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, పక్కనుంచి పోయే ఒక్కోదాని వీపూ తడుతున్నాడు. బురదతో మోచేతి దాకా నల్లబడిపోయింది. ఆఖరి గేదె దాటాక కూడా ఆ చెయ్యి బయటే ఉంది, వానలో. నేను జవాబు కోసం ఇంజన్ ఆపి కూర్చున్నాను.

మావయ్య మాటకి కట్టుబడ్డాడో, ఆ మాట చాటున దాక్కున్నాడో, నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.