అక్క ఇయర్‌ఫోన్లు

మట్టెవాడలో మా పక్కింటి అక్క డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే కాంట్రాక్టు లెక్చరర్. ఆదివారం పొద్దున్నే ఇద్దరం స్కూటీ మీద ధర్మసాగర్ వెళ్లి చెరువుకట్ట మీద పరుగెత్తేవాళ్లం. పరుగులోనూ అక్క ఎవరో ప్రొఫెసర్ ఉపన్యాసం వినేది. మంచి మాట వస్తే చెయ్యెత్తి టక్కున ఆగేది. "జర ఆగు చెల్లె, గిది విను" అంటూ ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టేది.

కొన్నాళ్లకు అలా పెట్టడం మానేసి, విన్నది తానే చెప్పసాగింది. ఒకరోజు నేనే చనువుగా ఒకటి లాక్కుని పెట్టుకున్నాను. అందులో ఏమీ మోగడం లేదు.

"ఫోన్ ఆన్ చెయ్యలేదా అక్కా?"

అక్క నా పెదాల కదలిక చూసి ప్రశ్న అర్థం చేసుకుంది. కట్ట మీద కూలబడింది.

"నాకు ఇనవడ్తలేదు చెల్లె. దవాఖానల చూపించుకున్న, ఇగ బాగుగాదన్నరు. యాదికున్నయే నీకు చెప్తాన. ఇవి చెవుల ఉంటే, పిలిస్తే పలుకకున్నా చెవుడని ఎవరూ అనుకోరు. కాలేజీల తెలిస్తే కొలువు పోతది. ఎవ్వరికీ చెప్పకు."

నేను ఎవరికీ చెప్పలేదు. అయినా నెల తిరక్కుండానే కాలేజీలో తెలిసి, ఉద్యోగం పోయింది. నా వల్ల కాదని చెప్పుకుందామని వెళ్లాను. కిటికీలోంచి నన్ను చూసిన అక్క తలుపు తీసి, నేలకేసి చూస్తూ నిలబడింది. ఒక్కసారి నా మొహంలోకి చూడమని ఎంత బతిమాలినా ఆమెకు వినబడలేదు.