మానిటర్ పెడితే నెట్ పోయిన రోజు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా ఆయన యాదగిరి పోయాక ఆయన మంచం మీదే పడుకున్నదాన్ని, ఒక్కనాడూ భయపడలేదు. అయినా ఈ సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. కొత్తపేటలో కిరాయికి ఉంటున్నాం. ఆ రోజు బంద్. మా అమ్మాయి సంధ్య తనకు కావలసిన ఇంజనీరింగ్ కాలేజీలు ఆన్‌లైన్‌లో పెట్టడానికి అదే ఆఖరి రోజు. దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచిపోయి చూశాం. నెట్ సెంటర్లన్నీ షట్టర్లు దించేశాయి.

ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంది గానీ, తెర పగిలి ఏమీ కనపడదు. మేడ మీద ఉండే భీమవరం వదిన తన మానిటర్ తెచ్చి తగిలించింది. బొమ్మ వచ్చింది, నెట్ పోయింది. మానిటర్ వైరు పీకితే, ల్యాప్‌టాప్‌కు నెట్ ఇచ్చే డేటా కార్డు లైటు వెలుగుతుంది, పెడితే ఆరిపోతుంది. ఎన్నిసార్లు చేసినా అంతే.

"బంద్ మీ వాళ్లది, తిప్పలు నా మానిటర్‌కా వదినా?" అంది ఆమె.

"నీ మానిటర్ సమైక్యాంధ్ర పార్టీ అయినట్టుంది. జర నువ్వే నచ్చజెప్పు వదినా" అన్నాను.

ఇద్దరం నవ్వాం గానీ సంధ్య కళ్లలో నీళ్లు.

ఆ డేటా కార్డులో ఉన్నది మా ఆయన సిమ్మే. ఆయన పోయాక సంధ్య అందులో వేసుకుంది. పొడుగు వైరు చివర ఉన్న ఆ కార్డును నేను మానిటర్ పక్కనే పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు నా ఫోన్ మోగింది. రెండు రింగులై ఆగిపోయింది. చూస్తే యాదగిరి. నేను చదవగలిగిన కొద్ది పేర్లలో అదొకటి.

ఆయన ఆటో నడిపేవాడు. గల్లీ మలుపు నుంచి మిస్డ్ కాల్ ఇస్తే నేను పోయి గేటు తీయాలి. ఆ అలవాటుకే కాళ్లు లేచాయి. చేతిలో కార్డు ఉందని కూడా మరిచి గుమ్మం వైపు నడిచాను. వైరు సాగి బిగుసుకుంది.

"అమ్మా, ఆడ్నే ఉండు, కదలకు. నెట్ ఒచ్చింది" అంది సంధ్య.

గుమ్మంలో చెయ్యి చాచి నిలబడ్డాను. వదిన కాలేజీల పేర్లు చదువుతుంటే సంధ్య ఒక్కోటి నొక్కింది. చెయ్యి తిమ్మిరెక్కినా దించలేదు. చివరికి అన్నీ అందాయని తెర మీద వచ్చింది.

వెంటనే పోయి గేటు తీశాను. బంద్ కదా, గల్లీలో ఒక్క బండీ లేదు. అయినా రెండు తలుపులూ బార్లా తీసే ఉంచాను.

తర్వాత సెల్‌ఫోన్ షాపులో అడిగితే, మానిటర్ దగ్గరుంటే కార్డుకు సిగ్నల్ అందదని, దూరం జరిపితే అందుతుందని చెప్పారు. అది ఒప్పుకున్నాను. కానీ ఆ కార్డు తనంతట తాను ఫోన్ చేయడం కుదరదట. సంధ్య నా ఫోన్‌లో ఆ కాల్ తీసి చూపిస్తే, రెండుసార్లు చూసి తిరిగి ఇచ్చేశారు.

సంధ్యకు సీటు వచ్చింది. ఆ కాల్ ఎట్లా వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసినవాళ్లు చెబితే వింటాను. అసలు రాలేదని మాత్రం అనకండి.