లేని కాలు ఎట్ల నొస్తది

మా బాపు కాలు పోయింది భూపాలపల్లి బొగ్గుబావిలో, పైకప్పు బండ మీద పడి. మోకాలి పైదాకా తీసేశారు. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు, తమ్ముడికి పదకొండు. గాయం మానింది, కర్రల మీద నడవడం వచ్చింది, నొప్పి మాత్రం పోలేదు. ఆ నొప్పి ఉన్న తొడలో కాదు, లేని పాదంలో. వేళ్లు ముడుచుకుపోతున్నాయని, అరికాలిలో నిప్పు పెట్టినట్టుందని చెప్పేవాడు. కోసిన కాలును వంకరగా పాతిపెట్టడం వల్లే ఇదంతా అని మా మేనమామ తేల్చాడు. ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని పోయి, గుంత తవ్వి, కాలును చక్కగా చాపి పడుకోబెట్టి వచ్చాడు. ఆ వారం బాపు ఇంకా ఎక్కువ ఏడ్చాడు.

మమ్మల్ని కన్న అవ్వకు తెలిసిన వైద్యం ఒక్కటే. ఆముదం వెచ్చజేసి, బాపు కాలు ఆగిపోయిన చోటు నుంచి కిందికి, ఖాళీ చాప మీద రాసేది. అక్కడ పిక్క ఉన్నట్టు, మడమ ఉన్నట్టు పిసికేది. బాపు కళ్లు మూసుకుని "జర కిందికి" అనేవాడు. అవ్వ చేయి జర కిందికి జరిగేది. చాప మీద కాలి పొడవునా నూనె మరక పడింది. నేనూ తమ్ముడూ ఇంటి వెనక్కి పోయి అదే ఆట ఆడేవాళ్లం. వాడు బాపు, నేను అవ్వ. వాడు "జర కిందికి, జర కిందికి" అని మూలిగితే నేను మట్టి పిసికేదాన్ని. కడుపు చెక్కలయ్యేటట్టు నవ్వేవాళ్లం.

నా నోరు అప్పటి నుంచీ మంచిది కాదు. ఒకరోజు బాపు మొహం మీదే అన్నాను.

"లేని కాలు ఎట్ల నొస్తది బాపూ? తాగనీకి సాకు గాకపోతే."

ఆయన తాగేదే ఆ నొప్పికి. నా వంక చూశాడు. ఆ తర్వాత నా ముందు ఎప్పుడూ మూలగలేదు. పళ్లు బిగబట్టి గోడవైపు తిరిగి పడుకునేవాడు. నాలుగేళ్లకు అట్లాగే పోయాడు. కొన్నేళ్లకు అవ్వ కూడా పోయింది.

తనదాకా వస్తే గానీ తెలియదంటారు. పెళ్లయి మహబూబాబాద్ వచ్చాను, బట్టలు కుట్టుకుని బతుకుతున్నాను. పదకొండేళ్ల కిందట డోర్నకల్‌లో కదులుతున్న రైలు ఎక్కబోయి, చేతిలో జాకెట్ గుడ్డల మూట వదలలేక జారిపడ్డాను. ఎడమ కాలు మోకాలి కిందికి తీసేశారు. ఆరో రోజు నా లేని పాదం కుట్టుమిషన్ తొక్కడం మొదలుపెట్టింది. మిషన్‌కు మోటారు పెట్టించుకున్నాను గానీ, పాదానికి ఆ సంగతి తెలియదు. తొక్కీ తొక్కీ పిక్క పట్టేస్తుంది, మడమలో సూదులు దిగుతాయి.

మా ఊరి డాక్టరమ్మకు బాపు సంగతి చెప్పాను. ఆమె చాలాసేపు విన్నది. కాలు పోయినా మెదడులో దాని చోటు అట్లాగే ఉంటుందట. ఒకే రకంగా కాలు పోయిన ఇద్దరిలో ఒకరికి నొప్పి తక్కువగా, ఒకరికి నరకంగా ఎందుకుంటుందో పూర్తిగా తెలియదట. అందులో కొంత జన్యువుల నుంచి, అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చేదై ఉండొచ్చట. ఖాయంగా చెప్పే పరీక్ష ఏదీ లేదన్నది. పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదని అనుకుంటూ ఇంటికి వచ్చాను. బాపు కాళ్ల మీద పడి ఏడుద్దామంటే బాపు లేడు. ఉన్నా ఆయనకు మిగిలింది ఒక్క కాలే.

మొన్న చలికాలంలో తమ్ముడి వంతు వచ్చింది. వాడు జనగామలో ఆటో నడుపుతాడు, షుగర్ ఉంది. బొటనవేలి పుండు నల్లబడి పైకి పాకింది. మోకాలి కిందికి తీసేయకపోతే ప్రాణం దక్కదన్నారు. రెండు రోజులు వాడు ససేమిరా అన్నాడు. నేను పోయి మంచం పక్కన కూర్చున్నాను.

"అక్కా, కోసినంక గూడ నొస్తదా? బాపు లెక్క అయ్యేటట్టుంటే నేను గిట్లనే పోత."

నేను నోరు తెరిచేలోపే మత్తు డాక్టరు కాగితాలతో వచ్చాడు. ఇంట్లో ఎవరికైనా కాలు తీశాక లేని కాలిలో నొప్పి వచ్చిందా అని అడిగాడు. తమ్ముడు నా పెట్టుడు కాలు వంక, తర్వాత నా మొహం వంక చూశాడు.

"మా బాపుకు తాగుడు అలవాటు సార్. అది నొప్పి గాదు. నాకైతే ఏం లేదు" అన్నాను.

తమ్ముడు నమ్మాడు. చిన్నప్పుడు నేను అన్న మాటే కదా, వాడికి అలవాటైన మాట. సంతకం పెట్టాడు.

ఆపరేషన్ అయిన మూడో రోజు మధ్యాహ్నం, నేను బత్తాయి ఒలుస్తుంటే వాడు మెల్లగా అన్నాడు.

"అక్కా, బొటనేలు మండుతాంది."

లేచి పోయి మత్తు డాక్టరుకు అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "ముందే చెప్పి ఉంటే నరాల నొప్పి మందులు ముందు నుంచే మొదలుపెట్టేవాళ్లం. ఫలితం ఉండేదో లేదో చెప్పలేను. ప్రయత్నం చేసేవాళ్లం" అన్నాడు. ఇప్పుడు ఒక గోలీ రాసిచ్చాడు.

వాడి దగ్గరికి వచ్చి నిలబడ్డాను.

"నాకూ నొస్తది తమ్మీ. పదకొండేండ్ల సంది."

వాడు నా వైపు తిరిగాడు.

"మరి బాపుకు?"

"బాపుకు గూడ నొచ్చింది. నిజంగనే నొచ్చింది."

"నొప్పికి ముందుగాల్నే మందిచ్చేటోళ్లు గదా అక్కా, నువ్వు చెప్తే."

వాడు గోడవైపు తిరిగాడు, పళ్లు బిగబట్టి. నేను మంచం కొసన కూర్చుని, కట్టు ముగిసిన చోటు నుంచి కిందికి ఖాళీ దుప్పటిని పిసకడం మొదలుపెట్టాను. నాకు వేరే ఏదీ చేతకాదు. వాడు నా చేతి వంక చూడలేదు, వద్దనలేదు. గోలీ పనిచేయలేదు. పొద్దు వాలే వేళకు, గోడవైపే ఉండి, వాడు అన్నాడు.

"జర కిందికి."

నేను చేయి జర కిందికి జరిపాను.