గద్దె మీద చెప్పిన పేరు

బాబు మియాను నేను మొదట చూసినప్పుడు ఆయన కళ్లకు పెట్టే సుర్మా, అత్తరు అమ్మేవాడు. భుజానికి చెక్కపెట్టె తగిలించుకుని పెద్దపల్లి చుట్టుపక్కల ఊళ్లన్నీ నడిచే తిరిగేవాడు. పోలీసు యాక్షన్ అయిన ఏడు ఆయన గల్లీలో చాలామంది భయంతో తలుపులు వేసుకుని కూర్చున్నారు. ఆయన మాత్రం వారం తిరగకుండానే పెట్టె ఎత్తుకుని చొప్పదండి తోవ పట్టాడు.

"నీదేం గుండె మియా?" అని అడిగాను.

"గుండె కాదు అంతయ్యా. ఆడ ఆడోళ్లకు సుర్మా అయిపోయి ఉంటది" అన్నాడు.

నేను, అంతయ్యను, అప్పటికే బియ్యం మిల్లులో బస్తాలు మోసే హమాలీని. ఇప్పటికీ హమాలీనే. బస్తా ఎంత బరువుందో చేయి వేస్తే చెప్పగలను. ఆ మనిషి ఏం మోస్తూ తిరిగాడో మాత్రం నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

కొన్నాళ్లకు ఆయన పెట్టె పక్కన పెట్టి, పాత సైకిలు కొని బీమా ఏజెంటు అయ్యాడు. కరీంనగర్‌లో బియ్యం వ్యాపారం చేసే రాజేశం సావుకారి ఒక బీమా కంపెనీకి జిల్లా మొత్తానికి పెద్ద ఏజెంటుగా ఉండేవాడు. ఆయన కింద బాబు మియా లాంటి వాళ్లు ఊళ్లు తిరిగేవాళ్లు. వాళ్లకు జీతం లేదు. ఎవరినైనా బీమాలో చేర్పిస్తేనే ఏదైనా దక్కేది. ఈ దఫ్తరు, అంటే ఆఫీసు, నచ్చకపోతే ఇంకో దఫ్తరుకు పోవచ్చు.

ఏ ఇంట్లో బీమా తీసుకునే మనసుందో ఆ కబురును వాళ్లు జాడ అనేవారు. జాడ దొరికితే ఏజెంటు పెళ్లానికి కూడా చెప్పడు. ఇంకొకడు ముందే పోయి కూర్చుంటాడని భయం. అందుకే రాజేశం సావుకారి ఒక కట్టుబాటు పెట్టాడు. ఏజెంటు దుకాణానికి వచ్చి, సావుకారి కూర్చునే పరుపు ముందు, అంటే గద్దె మీద, జాడ చెప్పాలి. సావుకారి మాట ఇచ్చినట్టుగా వక్కాకు చేతిలో పెడతాడు. వక్కాకు పెట్టాక, వచ్చే కోతల దాకా ఆ ఇంటికి వేరే ఏజెంటు పోడు. అయినా చాలామంది నమ్మలేదు. కాగితం మీద వేలిముద్ర పడ్డాకే వచ్చి పేరు చెప్పేవాళ్లు. ముందుగా చెప్పేది బాబు మియా ఒక్కడే.

ఒకరోజు మిల్లు లారీలో బియ్యం తీసుకుని రాజేశం దుకాణానికి పోయాను. బస్తాలు దించుతుంటే బాబు మియా వచ్చాడు. సావుకారి లేడు. ఆయన బామ్మర్ది పర్శరాములు గద్దె మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. ఆ పిల్లవాడూ కొత్తగా ఏజెంటు పని మొదలుపెట్టాడు.

"బావ వరంగల్ పోయిండు. నేనున్న గదా, చెప్పు మియా" అన్నాడు.

మా దిక్కు దుకాణాల్లో ఒక పద్ధతి ఉంది. గద్దె మీద ఎవరు కూర్చుంటే వాళ్లే దుకాణం. వాళ్ల చేతికి ఇస్తే సావుకారికి ఇచ్చినట్టే, వాళ్లకు చెబితే సావుకారికి చెప్పినట్టే. బాబు మియా చెప్పులు విడిచి, కింద కూర్చుని చెప్పాడు.

"చొప్పదండి పక్కన హనుమంతు. బాయిలు తవ్వుతడు, బండలకు మందు పెడ్తడు. మూడేండ్ల సంది ఆ ఇంటి ముంగట కూసుంటున్న. గిప్పుడు మన్సు మెత్తబడ్డది."

"మల్ల ఏలిముద్ర ఏపియ్యకపోయినవ్?"

"వాళ్లవ్వ పోయి ఇంకా ఏడాది కాలే. ఏడాది మాసికం ఎల్లేదాంక ఆ ఇంట్ల సావు ముచ్చట తియ్య."

పర్శరాములు వక్కాకు పెట్టాడు. నా భుజం మీద బస్తా అలాగే ఉండిపోయింది. హనుమంతు మా శంకరక్క భర్త! బాబు మియా మూడేళ్లుగా నాతో రోజూ చాయ్ తాగుతున్నాడు. మా అక్క ఇంటి ముచ్చట ఒక్కనాడు నా దగ్గర ఎత్తలేదు. బయటికొచ్చాక అడిగాను.

"మా బావ గదా మియా. నాకు చెప్తే ఏమయితుండె?"

"నీ బావ ముచ్చట నీ బావది" అన్నాడు, సైకిలు ఎక్కుతూ.

తర్వాత కొద్దిరోజులకే, మాసికానికి సామాన్లు తేవాలని అక్క కబురు పంపితే వాళ్ల ఊరికి పోయాను. వాకిట్లోకి అడుగు పెడుతుండగానే లోపల లొల్లి వినబడింది. మంచం మీద పర్శరాములు కాగితాలు పరచుకుని కూర్చున్నాడు. అక్క చేతిలో చీపురుంది.

"సూడు తమ్మీ! నా మొగడు సస్తె ఎన్ని పైసలొస్తయో చెప్తుండు!"

"అట్ల కాదక్కా, జర ఇను. రేపు బండ పేలి మీద పడిందనుకో..."

"నీ నోట్ల మన్ను వడ! మా అత్త మాసికం కూడ ఎల్లలేదురా!"

మా బావ గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. కోపం వస్తే ఆయన గొంతు లేవదు, తగ్గుతుంది.

"ఎవలు పంపిండ్రు అంటే, మియా పేరు చెప్పిండంటడు. మూడేండ్లు మా ఇంట్ల మంచినీళ్లు తాగి, ఆఖరికి గిదా ఆయన చేసేది? ఇగ బీమా అన్నోడు ఈ గడప తొక్కద్దు. ఊర్లకే రావద్దు."

మందు పెట్టి బండలు పగలగొట్టే మనిషి ఆయన. ఆ బీమా ఇంకెవరికన్నా ముందు ఆ ఇంటికే కావాలి. ఆరోజు చొప్పదండిలో వారం అంగడి. బాబు మియా అక్కడే ఉంటాడని తెలుసు. ఉరికాను.

సంగతి చెప్పగానే ఆయన సైకిలు తీసి, నన్ను వెనక ఎక్కించుకుని తొక్కాడు. తోవంతా నేనే తిట్టాను, పర్శరాములును, వాళ్ల బావ సావుకారిని, ఆ గద్దెను. ఆయన తొక్కుతూనే ఉన్నాడు.

పర్శరాములు ఇంకా మంచం మీద నుంచి లేవలేదు. బాబు మియా వాకిట్లోకి రాలేదు. బయటే, తడక దగ్గర నిలబడి టోపీ సర్దుకున్నాడు.

"రాకు మియా" అన్నాడు మా బావ.

"రాను హనుమంతన్నా. ఈన్నే నిలబడి చెప్త. పేరు చెప్పింది నేనే. మా దఫ్తర్ల, గద్దె మీద చెప్పిన. చెప్పిన పేరు దాసిపెట్టకపోవుడు మా దఫ్తర్ తప్పు. అది నాకు చేసిన తప్పు. దాని మంట మీ ఇంటికి తాకింది, మాఫ్ చెయ్యిండ్రి."

"మీ దఫ్తర్ నీకే మాట దప్పె. సచ్చినంక నా పెండ్లానికి మాట నిలవెడ్తదా?"

ఇరుగుపొరుగు అంతా చేరారు. బాబు మియా ఆ ఒక్క మాటకు ఊ అంటే చాలు, ఆ ఊళ్లో రాజేశం దఫ్తరు పని అయిపోయేది. తనను ముంచిన వాళ్ల మీద కసి తీర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. నేనైతే ఊ అనేవాణ్ణే.

"నిలవెడ్తది" అన్నాడు ఆయన. "మా కొట్లాట జాడల మీద. కంపెనీ ఇయ్యాల్సింది ఇయ్యక తప్పదు. పోయినేడు పెద్దపల్లిల లింగవ్వకు ఇచ్చిండ్రు, పోయి అడుగు. నా కాడ తీసుకోకు. ఇగో, ఈ పిలగాని కాడ తీసుకో. లేదా ఇంకో దఫ్తర్ల తీసుకో. కానీ తీసుకో. అవ్వ మాసికం ఎల్లినంక."

అక్క చీపురు కింద పెట్టింది.

"లే బేటా" అన్నాడు పర్శరాములుతో. "ఏడాది ఎల్లని ఇంట్ల గీ కాయిదాలు పరుస్తరా? చెప్పులేసుకో. బస్సు పోతది."

పర్శరాములు తలవంచుకుని బయటికి వచ్చాడు. బాబు మియా అతన్ని తన సైకిలు వెనకే ఎక్కించుకున్నాడు! తన మూడేళ్ల కష్టాన్ని ఎత్తుకుపోవడానికి వచ్చినవాణ్ణి, తన సైకిలు మీద, తన కాళ్లతో బస్సు దాకా మోశాడు. ఎత్తు దగ్గర తొక్కలేక నన్ను తోయమన్నాడు. తోశాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కరీంనగర్‌లో ఇది పాకిపోయింది. అదే బజారులో ఇంకో కంపెనీ వాళ్లు బాబు మియాకు కబురు పెట్టారని, ఆయన పోతే మిగతా ఏజెంట్లూ పోతారని అనుకున్నారు. మళ్లీ లారీతో నేను పోయిన రోజున రాజేశం సావుకారి గద్దె మీద ఉన్నాడు గానీ మొహంలో కళ లేదు. బామ్మర్ది ఒక మూల బియ్యం చెరుగుతున్నాడు. అప్పుడు బాబు మియా వచ్చాడు.

"పోతున్ననని చెప్పనీకచ్చినవా మియా?" అన్నాడు సావుకారి.

"లేదు సేఠ్. జాడ చెప్పనీకి."

బియ్యం చెరిగే చప్పుడు ఆగిపోయింది.

"ఈ గద్దె మీద చెప్పే గదా నువ్వు మోసపోయింది. మల్ల గీన్నే చెప్తవా?"

"చెప్పకుంటె రేపు ఇంకోడు తెల్వక ఎవలింటికో గట్లనే పోతడు. ఆ ఇల్లు ఏడుస్తది. పేరు చెప్పుడు నా పని సేఠ్. గద్దె మీద ఎవలను కూసుండవెడ్తరో మీ పని."

రాజేశం సావుకారి గద్దె మీది నుంచి లేచాడు.

"అంతయ్యా, గా దిక్కు పట్టు" అన్నాడు నాతో.

ఇద్దరం కలిసి గద్దె పరుపును చుట్టాం. దాన్ని ఆయనే గోడకు నిలబెట్టాడు. "నేను ఊర్ల లేనినాడు ఇది గిట్లనే నిలబడి ఉంటది. నేనచ్చి పరిస్తెనే ఎవలైనా పేరు చెప్పాలె" అన్నాడు. తర్వాత తనే పరిచి, కూర్చుని, వక్కాకు పళ్లెం ముందుకు జరిపాడు.

బాబు మియా చెప్పులు విడిచి కూర్చున్నాడు. ఆయన నోరు తెరవబోతుంటే, నేను బస్తాల పని ఆపి బయటికి నడిచాను. పర్శరాములు కూడా చాట కింద పెట్టి నా వెనకే వచ్చాడు. ఇద్దరం లారీ నీడలో నిలబడ్డాం. ఏ ఊరో, ఎవరి పేరో మాకు వినబడలేదు.

మాసికం వెళ్లి, కోతలు అయ్యాక ఒక పొద్దున మా బావ మిల్లు దగ్గరికి వచ్చాడు. తెల్ల ధోతి కట్టుకున్నాడు, గడ్డం గీయించుకున్నాడు.

"మియా ఇల్లు యాడ?"

"ఎందుకు బావా?"

"నీకెందుకు?" అన్నాడు.

మసీదు వెనక గల్లీ చూపించి, నేను బస్తా ఎత్తుకున్నాను.