వదిన తెచ్చిన ఫైళ్ళు

మొన్న పొద్దున మా వేలూరు వీధిలోకి పాత సామాను కొనే ఆటో ఒకటి వచ్చింది. ఓటి బకెట్లు, తిరగని ఫ్యాన్లు, కాలిపోయిన మిక్సీలు అని మైకులో అరవంలో వరస పెట్టి అరుస్తూ, చివర్లో పాత కంప్యూటర్లు అన్నాడు ఆ మహానుభావుడు. ఓటి బకెట్టు పంక్తిలో కంప్యూటరును కూర్చోబెట్టినందుకు నాకు ఒళ్ళు మండింది. కాఫీ గ్లాసు కింద పెట్టి గేటు దాకా వెళ్ళి, ఆటో మలుపు తిరిగేదాకా దాని వంక గుర్రుగా చూసి మరీ లోపలికొచ్చాను. నా ఈడువాళ్ళకైతే వివరించి చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో ఆ పెట్టె ఇంట్లోకి రావడమంటే కొత్త కోడలు వచ్చినంత హడావుడి, ఆ తర్వాత కోడలి మీద పడినన్ని నిందలూ. మా ఇంట్లో పెట్టె మీది నిందలూ కోడలి మీది నిందలూ కలిపి నా ఒక్కదాని నెత్తినే పడ్డాయి.

మా అత్తవారిది గుడియాత్తం. తరతరాలుగా ఇళ్ళు కట్టే పని వాళ్ళది. ఇంట్లో మాట్లాడేది తెలుగే, నడుమ నడుమ అరవం దొర్లుతుంది, తెలుగు అక్షరం మాత్రం ఒక్కరికీ రాదు. నేను పరదరామి పిల్లను, చిత్తూరులో మా మేనత్త ఇంట్లో ఉండి చదువుకున్నందువల్ల నాకు చదవడం రాయడం వచ్చాయి. అందుకే ఇదంతా ఇంత ధైర్యంగా రాస్తున్నాను, వాళ్ళలో ఎవరైనా చదివి కొట్లాటకు వస్తారనే భయం లేదు. మా మామ మేస్త్రిగా మొదలై కాంట్రాక్టరు అయిన మనిషి. వేలూరులో ప్లాన్లు గీయడం నేర్చుకున్నానని తెలిసే నన్ను పెద్దకొడుక్కి చేసుకున్నారు. వీధికో ఎస్టీడీ బూతు, ఇంటింటికీ కేబుల్ టీవీ, బజారు నిండా కొత్త కొత్త సరుకులు వచ్చిపడుతున్న ఆ ఏళ్ళలో, ఇకమీదట ప్లాన్లన్నీ కంప్యూటర్లోనే గీస్తారని ఎవరో చెప్పగా, మదరాసు నుంచి విడిభాగాలు తెప్పించి బిగించిన మిషను ఒకటి మా నడిమింట్లోకి వచ్చింది.

కొత్తగా కట్టిన ఇంటికి ఏం చేస్తారో మా అత్త దానికీ అవన్నీ చేసింది. బూడిదగుమ్మడికాయతో దిష్టి తీసి వీధిలో పగలగొట్టింది, లేస్తున్న గోడలకు వేలాడదీసే రాక్షసుడి బొమ్మను తెచ్చి తెర నెత్తిన కట్టింది. నాలుక వేలాడేసుకున్న ఆ మొహం కిందే కూర్చుని నేను పడకగదులూ వంటగదులూ గీసేదాన్ని. పొద్దుటి వంట ముగిసినప్పటి నుంచి మధ్యాహ్నం వడ్డన దాకా ఆ కుర్చీ నాది. మధ్యలో పాలు చూడాలనో, పప్పు దించాలనో లేచి వెళ్ళి వచ్చి మళ్ళీ కూర్చునేదాన్ని. ఆ ఇంట్లో నాది అని గట్టిగా అనగలిగింది ఏదైనా ఉందంటే ఆ కుర్చీ, ఆ పని, అంతే.

ఆ మిషను మీద మా మరిది కన్ను పడింది. వేలూరులో ఏదో కంప్యూటరు కోర్సు చేసి, సర్టిఫికెట్టును దేవుడి పటాల వరసలో తగిలించుకున్న పెద్దమనిషి ఆయన. సాయంత్రాలు ఆ మిషను మీద పేకాట ఆడుకోవడం తప్ప చేసే పనేమీ కనబడేది కాదు గానీ, గుడియాత్తం బజారులో ట్రైనింగు సెంటరు పెట్టాలని, అందులో మొదటి మిషనుగా దీన్నే తీసుకుపోవాలని అతని ఆలోచన. కావలసిందల్లా ఒక సాకు, అది ఎక్కువ రోజులు పట్టకుండానే దొరికింది.

మిషనులో ఎవరూ పెట్టని ఫైళ్ళు పుట్టుకొచ్చాయి. వాటి పేర్లు మనుషులు పెట్టే పేర్లలా ఉండేవి కావు: ఫైల్ అని, దాని వెనక సున్నాలు, తోకలో సీహెచ్‌కే అనే మూడు అక్షరాలు. నొక్కితే తెరుచుకునేవి కావు, తీసేస్తే నాలుగు రోజుల్లో మళ్ళీ అదే సంత. ఇవి వైరస్ పిల్లలని, నేను వేలూరు పోయినప్పుడల్లా ఫ్లాపీల్లో మోసుకొస్తున్నానని మరిది తేల్చేశాడు. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు ఆ కథే వడ్డించేవాడు. "మా వదిన ఊరి మీద పోయి తెస్తా ఉండాది, నేను కూర్చోని కడగతా ఉండాను" అని ఆయాసపడేవాడు. ఆదివారాల్లో ఇంటిల్లిపాదినీ పిలిచి నిలబెట్టి, ఒక్కొక్క ఫైలునీ తుడిచేసి చూపించేవాడు, మా అత్త పక్కన కర్పూరం పట్టుకుని నిలబడేది. నా ఫ్లాపీలు బీరువాలోకి పోయాయి, తాళంచెవి ఆమె బొడ్లోకి పోయింది. నాకు ఆ కర్పూరం వాసన ఈనాటికీ పడదు.

అట్లాంటి ఒక ఆదివారం ఆ ఫైళ్ళతో పాటు నేను గీసిపెట్టిన ఆర్కాడు ఆసామి ఇంటి ప్లానును కూడా తుడిచిపారేశాడు. ఎంత పెద్ద పేరునైనా ఎనిమిది అక్షరాలకు కుదించి పెట్టుకోవలసిన ప్రోగ్రాం అది. నేను కుదించిన పేరు అతనికి అర్థం కాలేదట, కాబట్టి అదీ భూతమేనట. నేను ఆ రోజు నోరు కట్టుకోలేదు. ఇరుగుపొరుగు తలుపుల్లోకి వచ్చి నిలబడేలా అరిచాను. అతనూ తక్కువ తినలేదు. చివరికి మామ అందరినీ కూర్చోబెట్టి తీర్పు చెప్పాడు: "ఆడి నెల ముగిసేలోపల అవి యాడనుంచి వస్తాండాయో కనుక్కో అమ్మా. లేకుంటే ఆవణిలో చిన్నోడి అంగడికి పోతాది మిషను." ఆడి అంటే అరవవాళ్ళ ఆషాఢం, ఆవణి దాని వెనక నెల; ఆడిలో ఎటూ కొత్త అంగడి తెరవరు కాబట్టి ఆ మాత్రం గడువైనా నాకు దక్కింది.

మామ మీద నాకెంత కోపమున్నా పనిలో ఆయన దగ్గర నేర్చుకున్నవి నేర్చుకున్నవే. గోడ ఎక్కడ చెమ్మగిల్లిందో అక్కడ తవ్వేవాడు తెలివితక్కువవాడనేవాడు ఆయన, నీళ్ళు దిగింది ఇంకెక్కడో అయి ఉంటుంది. కొత్త స్లాబు వేశాక పైన మట్టితో గట్టు కట్టి, నీళ్ళు నిలబెట్టి, కింద నిలబడి ఓపికగా చూడాలి. నేనూ అదే చేశాను. ముందు ఆ ఫైలు ఒకదాన్ని, ఉత్త రాతలు మాత్రమే చదివే ప్రోగ్రాంలో బలవంతంగా తెరిచి చూస్తే, తెర నిండా పిచ్చి గుర్తులు, వాటి నడుమ ఇంగ్లీషు అక్షరాల్లో పూజగది, మెట్లు, సజ్జ అని నేను ప్లాన్లలో రాసుకున్న మాటలే కనిపించాయి. ఊరి మీద నుంచి వచ్చిన తెగులేమీ కాదు, నా పని ముక్కలే అవి. వాటిని చూసినప్పుడు సంతోషం కంటే కోపమే ఎక్కువ వచ్చింది, అన్ని ఆదివారాలూ కర్పూరం వెలిగించి తుడిచింది నా చెమటనే కదా అని.

ఇక నీళ్ళు నిలబెట్టి చూడటం మిగిలింది. మర్నాడు మిషనులో ప్లాను తెరిచిపెట్టి, రోజూలాగే వంటింట్లోకి వెళ్ళినట్టు వెళ్ళి, తలుపు చాటున నిలబడ్డాను. మరిది వస్తాడనే ఎదురుచూశాను, అతన్ని పట్టుకుని కడిగెయ్యాలని మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. వచ్చింది మామ. భోజనానికని పని దగ్గర నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నడిమింట్లోకి అడుగుపెట్టి, ఖాళీ కుర్చీని చూసి, వెలుగుతున్న తెరను చూసి, గోడ మీద స్విచ్చి ఆపేసి తన పీట దగ్గరికి వెళ్ళిపోయాడు. అంతకుముందు నేను తిరిగొచ్చి మిషను ఆగి ఉండటం చూసినప్పుడల్లా, మరిది వాడుకుని పద్ధతిగానే మూసేసి ఉంటాడని అనుకునేదాన్ని.

ఆయన తప్పేమిటంటే, ఇంటినీ కట్టుబడి స్థలాన్నీ ఒక్కటే అనుకోవడం. ఏళ్ళ కిందట, అందరూ అన్నాలకు పోయిన వేళ, ఆపకుండా వదిలేసిన నీళ్ళ మోటరు దగ్గర ఆయన కూలివాడొకడు కరెంటు కొట్టి పోయాడట. అప్పటి నుంచి మనిషి లేనిచోట కరెంటు ఉంటే ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. మిషను సంగతి వేరు. దాన్ని మూయవలసిన తీరులో మూయకుండా కరెంటు లాగేస్తే, అది చేతిలో పట్టుకున్న పని ముక్కలైపోతుంది. మళ్ళీ వెలిగినప్పుడు, దాని అలవాటే అంతని నేననుకున్న నీలం తెర ఒకటి వేసుకుని డిస్కంతా వెదికి, దొరికిన ముక్కల్ని ఏరి, అవి ఎవరివో తెలియక సున్నాల పేర్లు పెట్టి ఒక పక్కన పడేస్తుంది. కోర్సు చేసిన మరిదికి ఇది తెలియకపోవడం ఒక వింత, తెలుసుకోవాలని అతనికి లేకపోవడం వింతేమీ కాదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర అందరి ముందూ చెప్పేశాను. మెల్లగా, మర్యాదగా, మామను మీరు మీరంటూ చెప్పాను. నిజం బయటపడితే గొడవ తీరిపోతుందని నమ్మేంత చిన్న వయసు నాది. గొడవ అప్పుడే మొదలైంది. "తప్పు చేసేది నువ్వు, మా నాయన మీద పెట్టేదా?" అని మరిది కంచం ముందు నుంచి లేచాడు. అత్త నాకేసి వేలు చూపించి, "ఇంటి పెద్దను దొంగ మాదిరి తలుపు సందులో నుంచి కావలి కాస్తావా మే?" అంది. మా ఆయన తలెత్తకుండా "గమ్మునుండు" అన్నాడు, అది వాళ్ళకు కాదు, నాకు. మామ ఒకటే మాటన్నాడు: "మనిషి లేని తావున కరెంటు ఉండరాదు. మిషనైతే ఏం, మోటరైతే ఏం." అంటూ చెయ్యి కడుక్కున్నాడు. ఫైళ్ళు ఎక్కడివో కనుక్కోమన్నారు, కనుక్కున్నాను, అయినా ఆవణి పుట్టగానే మిషను అంగడికి వెళ్ళిపోయింది.

అసలు మంట ఆ తర్వాతిది. అంగడిలో దాని స్విచ్చి జోలికి పోయేవాళ్ళు లేరు, కాబట్టి ఆ ఫైళ్ళు రావడం మానేశాయి. దాంతో మరిది ఊరంతా చాటింపు వేశాడు, వదిన చెయ్యి తగలకపోయేసరికి మిషను బాగుపడిందని. మా మాట నిజమయ్యె చూడు అని అత్త చుట్టాలందరికీ చెప్పుకుంది. ఎందుకు మానేశాయో తెలిసిన మనిషి నేను కాకుండా ఆ ఇంట్లో ఇంకొక్కరే, ఆయన నోరు విప్పలేదు. ఆ మౌనాన్నే నేను క్షమించలేకపోయాను. వేలూరు సత్తువాచారిలో ఒక ఇంజినీరు ఆఫీసులో ప్లాన్లు గీసే పనికి కుదిరి, రోజూ గుడియాత్తం నుంచి బస్సెక్కేదాన్ని. నేను వెళ్ళేటప్పుడు ఎవరూ పోయిరా అనేవారు కాదు, వచ్చాక తిన్నావా అనేవారు కాదు. నేనూ ఎవరినీ ఏమీ అడిగేదాన్ని కాదు.

చాలా నెలల తర్వాత ఒక మధ్యాహ్నం మామ ఆ ఆఫీసుకే వచ్చాడు. గుడియాత్తంలో చేత్తో గీసిన ప్లానును మునిసిపాలిటీవాళ్ళు వెనక్కి పంపించారట, మళ్ళీ గీయించుకోవాలి. కోడలిగా పలకరించలేదు, మామలా మాట్లాడలేదు, మిగతా ఆసాముల్లాగే నా బల్ల పక్కన కుర్చీలో కూర్చున్నాడు. నేను కాగితాలు తీసుకుని లోపలి గదిలోకి లేచాను. నాలుగడుగులు వేసి తిరిగి చూస్తే, ఆయన లేచి నిలబడి ఉన్నాడు, చెయ్యి గోడ మీది స్విచ్చి దాకా పోయి ఆగి ఉంది. నన్ను చూసి, "అమ్మా, నువ్వు లేస్తాండావే, ఇది ఆపల్లా, వద్దా?" అన్నాడు. ఆ మనిషి నన్నే కాదు, ఎవరినైనా ఒక మాట అడిగి చెయ్యి వేయడం నేను చూసింది అదే మొదలు. "వద్దు మామా, తాకొద్దు" అన్నాను, గొంతులో కరుకు తగ్గించుకోకుండానే. ఆయన చెయ్యి తీసేసి, నేను తిరిగొచ్చేదాకా ఆ తెరను చూస్తూ కూర్చున్నాడు. ఇంటికెళ్ళి ఆయన ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. తర్వాత మరిది అంగడి మూతపడింది, మేము వేలూరుకు వేరు కాపురం వచ్చేశాం, ఆయన పోయి కూడా చాలా కాలమైంది.

ఇప్పటి పిల్లలకు ఇదంతా చెబితే, ఇంత చిన్నదానికా అంత కొట్లాట అంటారు. నిజమే, ఇప్పటి మిషన్లు వాటంతటవే మూసుకుంటాయి, పోయినవాటిని వాటంతటవే వెదికి పెట్టుకుంటాయి, ఏదైనా చెడితే ఎవరు చేశారని అడిగే ఆచారమే పోయింది. మా కాలంలో ఏది చెడినా దాని వెనక ఒక చెయ్యి ఉండేది, వెదికితే దొరికేది, దొరికాక జన్మంతా దాని మీద మండిపడటానికి వీలుండేది. నాకు ఆ చెయ్యి మీద కోపం ఇంకా పోలేదు. మళ్ళీ ఒక్కసారి అది స్విచ్చి దాకా వచ్చి ఆగితే, ఈసారైనా కాస్త మెత్తగా చెప్పేదాన్నేమో.